ఒకటి కంటే ఎక్కువ స్పాటింగ్ స్కోపులు ఉన్నవాళ్లు ఏది దేనికి వాడుతున్నారు?

గాలివాటం (ఒహాయో)

అందరికీ నమస్కారం. నేను సైన్యపు తరహా రైఫిల్‌తో కాల్చే సర్వీస్ రైఫిల్ పోటీల్లో పాల్గొంటాను. 200, 300, 600 గజాలు. ఇప్పుడు నా దగ్గర నాలుగు స్పాటింగ్ స్కోపులున్నాయి, అంటే టార్గెట్‌ను, గాలిని దగ్గరగా చూసే చిన్న దూరదర్శినులు. మొదటిది బుష్నెల్ స్పేస్‌మాస్టర్, ముందు లెన్స్ 60 మిల్లీమీటర్లది, జపాన్‌లో తయారైన పాత రకం, 22 రెట్ల వైడ్ ఐపీసుతో (కన్ను పెట్టి చూసే కటకం). రెండోది కోవా టీఎస్‌ఎన్-821, 27 రెట్ల ఐపీసుతో. పోటీలకు వెళ్లినప్పుడు స్టాండు ఎక్కేది ఇదే. మూడోది స్వరోవ్‌స్కీ ఏటీఎస్ 80, 20-60 జూమ్. నాలుగోది చేతిసంచిలో పట్టే 50 మిల్లీమీటర్ల చిన్న స్కోపు.

మా క్లబ్బులో ఎనభై దాటిన పెద్దాయన ఒకరున్నారు. ఈ ఏడాదితో రైఫిల్ పక్కన పెడుతున్నారు. తన బాష్ అండ్ లాంబ్ బాల్‌స్కోప్ సీనియర్‌ను "నీ దగ్గరైతే పనిలో ఉంటుంది" అంటూ నాకు ఇవ్వజూపారు. తీసుకోవాలని మనసు లాగుతోంది. కానీ ఉన్న నాలుగింటిలో రెండైతే నెలల తరబడి పెట్టె దాటి బయటికి రావడం లేదు.

మూడు, నాలుగు, అంతకు మించి ఉన్నవాళ్లు చెప్పండి. ఒక్కోదానికి ఒక్కో పని అప్పగించారా? లేక ఒకటే వాడుతూ మిగతావి దాచుకుంటున్నారా? కొత్తది కొంటే పాతది అమ్మేస్తారా?

---

ఒకే_గురి (టెక్సాస్)

నా దగ్గర ఒకటే ఉంది, రెండోది కొనను. ఎందుకో చెబుతాను.

నేను ఎఫ్-క్లాస్‌లో 1000 గజాలు కాలుస్తాను, అంటే పడుకుని, రైఫిల్‌కు ఆధారం పెట్టి. స్పాటింగ్ స్కోపుతో నాకున్న పని ఒక్కటే, ఎండమావి చూడటం, అంటే నేల మీది వేడిగాలి అలలు ఎటు పారుతున్నాయో చూసి గాలిని చదవడం. అది ఇంత వాలితే రైఫిల్ గురి సరిచేసే నాబు మీద ఇన్ని క్లిక్కులు అన్న లెక్క కంటికి, చేతికి కలిసి రావాలి. ఆ లెక్క స్కోపును బట్టి, దాని రెట్లను బట్టి మారిపోతుంది. 25 రెట్లలో నింపాదిగా కనిపించే గాలి 40 రెట్లలో ఉరుకులు పెడుతున్నట్టు ఉంటుంది. వారానికొక స్కోపు మార్చేవాడి కన్ను ప్రతివారం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

ఇక డబ్బు సంగతి. మంచి స్కోపు ఒక్కదాని ఖరీదుతో బారెల్ వస్తుంది, బుల్లెట్లు వస్తాయి, నాలుగు పోటీలకు దారి ఖర్చులు వస్తాయి. స్కోరు పెంచేది అవే. గాలివాటం గారూ, ఆ కోవా ఒక్కటి ఉంచుకుని మిగతావి అమ్మేయండి.

---

పాత_గాజు (పెన్సిల్వేనియా)

గాలివాటం గారూ, బాల్‌స్కోప్ తీసుకోండి. మరో మాట లేకుండా తీసుకోండి.

ఒకే_గురి గారు పోటీ సంగతి చెప్పారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ అడిగిన ప్రశ్న పోటీ ఒక్కదాని గురించే కాదు కదా. నా దగ్గర పదికి పైగా ఉన్నాయి. అన్నీ 60 ఏళ్ల కాలంలో ఈ దేశంలో షూటర్లు నిజంగా మోసుకు తిరిగినవే. బాష్ అండ్ లాంబ్ 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో మొదలైన కంపెనీ. బాల్‌స్కోప్ సీనియర్ అక్కడి పనితనం. 1971లో వాళ్లు బుష్నెల్‌ను కొన్నారు. ఆ తర్వాత బాష్ అండ్ లాంబ్ పేరుతోనే జపాన్ తయారీ స్కోపులు కూడా వచ్చాయి, అవీ మంచివే. అంటే మీ స్పేస్‌మాస్టర్, ఇప్పుడు రాబోయే బాల్‌స్కోప్ తర్వాతి రోజుల్లో ఒకే ఇంటికి చేరిన బంధువులు. పక్కపక్కన పెట్టి చూడాల్సిన జంట అది.

ఈ పాతవాటి లోపల ఉన్నవి పోరో ప్రిజంలు, బొమ్మను నిటారుగా తిప్పే గాజు దిమ్మెల్లో ఒక రకం. కాంతి రెండు మెలికలు తిరిగి వస్తుంది కాబట్టి గొట్టం మధ్యలో ఆ ఉబ్బు ఉంటుంది. ఇంకో రకమైన రూఫ్ ప్రిజం ఉన్న స్కోపుకు ఫేజ్ కోటింగ్ అనే ప్రత్యేక పూత వేయకపోతే వివరం పోతుంది, పోరోకు ఆ అవసరమే లేదు. పాత స్కోపులు ఈరోజుకీ మధ్యభాగంలో అంత పదునుగా చూపించడానికి అదొక ముఖ్య కారణం. వెలుగు విషయంలో మాత్రం కొత్తవాటికి సాటిరావు. ఆ రోజుల్లో లెన్సుల మీద ఒక్క పొర కోటింగ్ మాత్రమే వేసేవారు, ప్రతి గాజు ఉపరితలం దగ్గరా కొంత కాంతి వెనక్కి పోతుంది. సాయంత్రం పూట తేడా తెలుస్తుంది. నిండు ఎండలో తెలియదు. మన ఆట జరిగేది ఎండలోనే.

తీసుకునే ముందు ఇవి చూడండి. ఐపీసు తీసేసి, ముందు లెన్స్ వైపు నుంచి చిన్న టార్చి వేసి వెనక నుంచి ఏటవాలుగా చూడండి. సన్నటి పోగులు కొమ్మలు వేస్తున్నట్టు కనబడితే బూజు. మొత్తం పాలిపోయిన పొరలా ఉంటే గ్రీజు ఆవిరై గాజు మీద పేరుకున్న మసక. మసకను శుభ్రం చేయించవచ్చు. బూజు ముదిరితే కోటింగ్‌ను తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. తర్వాత ఫోకస్ తిప్పి చూడండి. బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా తిప్పకండి, పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది. చివరగా దూరంగా కరెంటు స్తంభం మీద పింగాణీ ఇన్సులేటర్‌పై ఎండ మెరిసే చుక్క దొరుకుతుంది. దానిమీద ఫోకస్ పెట్టి కొంచెం లోపలికి, కొంచెం బయటికి తిప్పండి. రెండువైపులా గుండ్రంగా విప్పారితే ప్రిజంలు కదలలేదు. ఒకవైపు అడ్డంగా, మరోవైపు నిలువుగా సాగితే ఎప్పుడో కిందపడిన స్కోపు.

---

గచ్చిబౌలి_50మీ (హైదరాబాద్)

మా దగ్గర సంగతి వేరు. నేను .22తో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని), త్రీ పొజిషన్ (మోకాలి మీద, పడుకుని, నిలబడి) కాలుస్తాను, పిల్లలకు నేర్పుతాను కూడా. అంతర్జాతీయ పోటీల్లో ఎలక్ట్రానిక్ టార్గెట్లు వచ్చాక గుండు ఎక్కడ పడిందో పక్కనున్న తెర మీదే కనబడుతుంది. రంధ్రం చూడటానికి స్కోపు అక్కర్లేదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు అసలే అక్కర్లేదు. గగన్ నారంగ్ లండన్ 2012లో కాంస్యం గెలిచింది అందులోనే కాబట్టి మా ఊళ్లో చాలామంది పిల్లలు ఆ దారిలోనే మొదలుపెడతారు, స్కోపు ముఖం చూడకుండానే ఏళ్లు గడిచిపోతాయి.

పారిస్ 2024లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్‌లో కాంస్యం తెచ్చాక నన్ను 50 మీటర్ల గురించి అడిగేవాళ్లు పెరిగారు. వాళ్లకు నేను మొదట నేర్పేది స్కోపులోంచి గాలి చూడటమే. 50 మీటర్ల రేంజ్‌లో 10 మీటర్ల దగ్గర, 30 మీటర్ల దగ్గర గాలి జెండాలుంటాయి. పది వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. .22 గుండు మెల్లగా పోతుంది కనుక చిరుగాలి కూడా దాన్ని తొమ్మిదిలోకి నెట్టేస్తుంది. జెండా ఉన్నచోట గాలిని జెండా చెబుతుంది. రెండు జెండాల మధ్య ఏం జరుగుతోందో ఎండమావే చెప్పాలి.

నా దగ్గర రెండున్నాయి. కాగితపు టార్గెట్ల మీద సాధన చేసేటప్పుడు 60 మిల్లీమీటర్లది, 25 రెట్లు. రెండోది పిల్లల కోసం నేల మీద పొట్టి స్టాండుకు పెట్టి ఉంచేది. పిల్లవాడు బోర్లా పడుకుని రైఫిల్ భుజం నుంచి తీయకుండా ఎడమ కన్ను ఐపీసు దగ్గరికి తేగలగాలి. ఎవరి ఎత్తుకు వారికి మార్చుకోవాలి కాబట్టి నాది వాళ్లకు, వాళ్లది నాకు పనికిరాదు. అందుకే రెండు. మూడో దానికి నాకు కారణం దొరకలేదు.

---

లెక్కలమాస్టారు (న్యూజెర్సీ)

ఏ స్కోపు ఎంతవరకు చూపించగలదో ముందు లెక్క తేల్చుకుంటే, ఎన్ని కావాలో అదే చెబుతుంది.

ముందు లెన్స్ వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని 116ను దానితో భాగించండి. వచ్చేది ఆ గాజు విడదీసి చూపగల అతిచిన్న కోణం, ఆర్క్ సెకన్లలో. ఒక ఆర్క్ సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు. 60 మిల్లీమీటర్ల స్కోపుకు 1.9, 80కి 1.45 వస్తుంది. 600 గజాలంటే సుమారు 549 మీటర్లు, అక్కడ ఒక ఆర్క్ సెకన్ 2.7 మిల్లీమీటర్లకు సమానం. అంటే 60 స్కోపు ఆ దూరంలో ఐదు మిల్లీమీటర్ల వివరం దాకా, 80 స్కోపు దాదాపు నాలుగు దాకా చూపాలి. .223 బుల్లెట్ వ్యాసం 5.7 మిల్లీమీటర్లు. కాగితం మీద లెక్క ప్రకారం రెండూ చూపించాలి!

చూపించవు. రెండు కారణాలు. ఒకటి, నల్లటి వలయంలో నల్లటి రంధ్రానికి తేడా ఎక్కడిది? రెండోది, నేలను ఆనుకుని లేచే వేడిగాలి ఆ ఐదు మిల్లీమీటర్లను ఎప్పుడో కలిపేసి ఉంటుంది. ఉదయం తొలి రిలేలో (తొలి విడతలో), మబ్బు పట్టినప్పుడు 80, 88 మిల్లీమీటర్ల స్కోపు తన డబ్బుకు న్యాయం చేస్తుంది. మధ్యాహ్నం రెండింటికి 60, 80 ఒకటే. గాలే హద్దు గీస్తుంది, గాజు కాదు.

వెలుగు లెక్క ఇంకొకటి. వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే ఐపీసులోంచి బయటికొచ్చే వెలుగు వృత్తం వెడల్పు తెలుస్తుంది. గాలివాటం గారి కోవాకు 82ను 27తో భాగిస్తే 3 మిల్లీమీటర్లు. ఎండలో మన కంటిపాప కూడా దాదాపు అంతే కుంచించుకుని ఉంటుంది, అందుకే ఆ జత హాయిగా అనిపిస్తుంది. అదే ఏటీఎస్ 80ని 60 రెట్లకు తిప్పితే 1.3 మిల్లీమీటర్లే. బొమ్మ చీకటిపడుతుంది, తల వెంట్రుకవాసి కదిలినా మాయమవుతుంది.

---

కొత్తగురి (మిషిగన్)

అన్నలందరికీ నమస్తే. ఈ ఏడాదే మొదలుపెట్టాను. మా క్లబ్బులో 100 గజాల రేంజే ఉంది. 200, 300, 600 గజాల టార్గెట్లను చిన్నవిగా కుదించి 100 గజాల దగ్గరే పెడతారు. గుంటల్లో టార్గెట్లు దించి గుర్తుపెట్టేవాళ్లు ఉండరు, రంధ్రం ఎక్కడ పడిందో మనమే చూసుకోవాలి. నాకు ఒకటీ లేదు. 60 రెట్ల దాకా వెళ్లే జూమ్ తప్పనిసరా?

---

లెక్కలమాస్టారు (న్యూజెర్సీ)

అక్కర్లేదు తమ్ముడూ. 100 గజాల్లో .223 రంధ్రం దాదాపు 13 ఆర్క్ సెకన్లు. 25 రెట్లలో చూస్తే కంటికి 5 ఆర్క్ నిమిషాలకు పైగా కనిపిస్తుంది, మామూలు చూపు ఒక నిమిషాన్ని విడదీస్తుంది. కావలసినంత మిగులు ఉంది. వీలైతే టార్గెట్ చట్రం వెనక వైపు ఖాళీగా, వెలుగు పడేలా ఉంచమని క్లబ్బు వాళ్లను అడగండి. వెనక వెలుగుంటే నల్ల వలయంలో కూడా రంధ్రం తెల్లటి చుక్కలా పైకి తేలుతుంది. రెట్లు పెంచిన దానికంటే ఎక్కువ లాభం.

---

గాలివాటం (ఒహాయో)

అందరికీ కృతజ్ఞతలు. ఒకే_గురి గారూ, కన్ను ఒక స్కోపుకు అలవాటుపడాలన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే 600 గజాల లైను మీదికి కోవా తప్ప మరోటి రాదు.

లైను మీద అది చేసే పని ఇక్కడ వివరంగా రాస్తాను, కొత్తగురి లాంటి వాళ్లకు పనికొస్తుంది. నాది కుడిచేతి వాటం. బోర్లా పడుకుని స్లింగ్ (చేతికి చుట్టే పట్టీ) బిగించాక స్కోపు నా ముఖానికి ఎడమవైపు, కొంచెం ముందుగా నిలబడి ఉంటుంది. 45 డిగ్రీల వంపున్న ఐపీసును నావైపు పడుకోబెట్టి తిప్పుతాను. చెంప రైఫిల్ వెనక భాగమైన బట్ మీదే ఉంటుంది, తల ఒక పిసరు తిప్పితే ఎడమ కన్ను ఐపీసు మీదికి వస్తుంది. ఈ 27 రెట్ల ఐపీసుకు కన్ను కాస్త దూరంగా ఉన్నా పూర్తి బొమ్మ కనిపిస్తుంది, కళ్లద్దాలు ఐపీసుకు తగలవు.

ముందు టార్గెట్ నంబరు మీద ఫోకస్ పెడతాను. తర్వాత వలయాన్ని కొంచెం దగ్గరి దూరం వైపు తిప్పుతాను, దారిలో సగానికి మించి ఉన్న గాలి మీద ఆగేలా. నంబరు కాస్త మసకబారుతుంది, దాని ముందు ఎండమావి పారే నీటిలా కనిపించడం మొదలవుతుంది. ఎడమ నుంచి కుడికి పారుతుంటే గాలి ఎడమ నుంచే. పారడం ఆగి నిటారుగా పైకి మరుగుతున్నట్టు కనిపిస్తే నేను కాల్చను. గాలి నిలిచిపోయి ఉండాలి, లేదా సరిగ్గా మనవైపో మన నుంచి టార్గెట్ వైపో ఉండాలి. చాలాసార్లు దిక్కు మారబోయే ముందు వచ్చే క్షణం అది. మా ఒహాయోలోని క్యాంప్ పెరీ రేంజ్‌లో ఈరీ సరస్సు మీదినుంచి వచ్చే గాలి ఇలా ఎన్నిసార్లు తిరుగుతుందో అక్కడ పడుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. 1907 నుంచి జాతీయ పోటీలు అక్కడ జరుగుతున్నాయి, ఆ సరస్సు గాలి ఎంతమంది పతకాలు ఎత్తుకెళ్లిందో.

80 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్‌ను గంటకు ఒక మైలు వేగమున్న పక్కగాలి 600 గజాల దగ్గర సుమారు మూడు అంగుళాలు జరుపుతుంది. పది వలయం మొత్తం వెడల్పు 12 అంగుళాలు. మధ్యలో పడాల్సింది రెండు మైళ్ల తేడాకే పది అంచుకు పోతుంది. 2016 నుంచి సర్వీస్ రైఫిల్ మీద 4.5 రెట్ల వరకు స్కోపు అనుమతించారు కదా, ఇక స్పాటింగ్ స్కోపు ఎందుకని నన్ను అడుగుతుంటారు. 4.5 రెట్లలో టార్గెట్ కనిపిస్తుంది, ఈ ప్రవాహం చదవడానికి అది చాలదు.

మిగతావాటి సంగతి. 100 గజాల పోటీలకు స్పేస్‌మాస్టర్. పక్కవాళ్లకు కోచింగ్ చేసేటప్పుడు ఏటీఎస్. చిన్న 50కి నిజంగానే పనిలేదు. బాల్‌స్కోప్ గురించి ఇంకా తేల్చుకోలేదు.

---

విశాఖ_తీరం (విశాఖపట్నం)

సేకరించాలనుకునే వాళ్లు దాచడం గురించి కూడా మాట్లాడాలి. ఒహాయోలో మీకు తెలియదేమో గానీ మా సముద్రపు గాలిలో స్కోపు పెట్టెలో పెట్టి మూత వేస్తే బూజుకు విందు పెట్టినట్టే. అన్నిటికంటే చెడ్డది దానితోపాటు వచ్చే తోలు పెట్టె. చూడటానికి అందంగా ఉంటుంది, చెమ్మ పీల్చి లోపల పట్టి ఉంచుతుంది. పాత స్కోపు తోలు పెట్టెతో దొరికితే రెండింటినీ వేర్వేరుగా దాచండి.

నా దగ్గర ఐదున్నాయి. రెండు మాత్రమే నైట్రోజన్ నింపి మూసిన కొత్త రకం. మిగతా మూడింటిలోకి బయటి గాలి తేలిగ్గా వెళ్లి వస్తుంది. అన్నిటినీ గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాల్లో సిలికా జెల్‌తో ఉంచుతాను, లోపల తేమ కొలిచే చిన్న మీటరు పెట్టాను. 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటాను. ఇంకా ఎండగడితే గ్రీజులు ఎండిపోతాయి. సిలికా జెల్ రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వేస్తాను. జూన్ నుంచి డిసెంబరు దాకా, వానలూ తుపానుల కాలమంతా, ఈ పని మానకూడదు.

---

పాత_గాజు (పెన్సిల్వేనియా)

విశాఖ_తీరం గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పాత స్కోపును బతికించేది వాడకమే. నెలకొకసారి బయటికి తీసి ఎండలో గంట కూర్చోబెట్టి, ఫోకస్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి, దానితో ఒక సాయంత్రం సాధన చేస్తే గ్రీజు బిగుసుకోదు, లోపలి చెమ్మ పోతుంది, ఏదైనా చెడితే మొదట్లోనే తెలుస్తుంది. నా దగ్గరున్న అన్నీ వంతులవారీగా రేంజ్‌కు వస్తాయి. అలమారలో అద్దం వెనక పెట్టి చూసుకునే సేకరణ మీద నాకు గౌరవం లేదు. ఇవి బొమ్మలు కావు, పనిముట్లు.

ఒకటి ఉంటే చాలదా అన్నవారికి: ఒక్కో స్కోపు ఒక్కో కాలపు షూటర్ల అవసరాన్ని చూపిస్తుంది. సైన్యం వాడిన ఎం49 తీసుకోండి. 20 రెట్లు, స్థిరం, జూమ్ లేదు. స్నైపర్ పక్కన కూర్చునేవాడికి అంతే కావాలనుకున్నారు, అది తప్పు లెక్క కాదు. ఈరోజు గాలి చదవడానికి మీరంతా వాడుతున్నది 22, 25, 27 రెట్లే కదా. పిట్స్‌బర్గ్‌లో అనెర్టల్ కంపెనీ చేసిన 100 మిల్లీమీటర్ల టీమ్ స్కోపు ఇంకో కొస. దాన్ని ఒక్కడు మోసుకుంటూ లైను మీద తిరగలేడు. జట్టు వెనక కోచ్ కూర్చుని ఆరుగురి గాలి ఒక్కడే చదవాలి కాబట్టి అంత పెద్ద గాజు పెట్టారు. తర్వాత కోచ్‌లు రెండు కళ్లతో చూసే కోవా హైలాండర్ లాంటి పెద్ద బైనాక్యులర్లకు వెళ్లారు, గంటల తరబడి ఒక కన్ను మూసి కూర్చుంటే వచ్చే అలసట దానితో తగ్గుతుంది. ఈ వరుసంతా పక్కపక్కన పెట్టుకుని ఒకే మధ్యాహ్నం, ఒకే గాలిని చూస్తే తెలిసేది ఏ పుస్తకమూ చెప్పదు. నేను సేకరించడానికి కారణం అదొక్కటే.

---

నేలపట్టు (నెల్లూరు)

నేను తుపాకీ పట్టను, పక్షులు చూస్తాను. నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో రాజహంసలు. స్పాటింగ్ స్కోపు అంటే ఇష్టం కనుక ఈ చర్చ చదువుతున్నాను. రంగులు చెదరనివ్వని ఫ్లోరైట్, ఈడీ గాజుకు అంత డబ్బు పెట్టాలా అన్న ప్రశ్న మా దగ్గరా ఉంటుంది. పులికాట్ నీటి మీద ఎండ మెరుస్తుండగా తెల్లటి రెక్క అంచున ఊదారంగు గీత కనబడుతుంది, 40 రెట్లు దాటితే మరీ. మంచి గాజు ఆ గీతను దాదాపు తీసేస్తుంది. మీకు నల్ల వలయం, తెల్ల కాగితం కలిసే అంచు దగ్గర అదే సమస్య రావాలి.

ఇక రెండు స్కోపులు పోల్చడానికి మేం చేసేది చెబుతాను. 500 రూపాయల నోటును వెనక వైపు పైకి ఉంచి అట్టకు అంటించి, నీడలో 20 మీటర్ల దూరాన పెట్టండి. అక్కడ పదిహేను భాషల్లో విలువ రాసి ఉంటుంది. కింది నుంచి రెండో వరుస తెలుగు, దాని కింద ఉర్దూ. రెండు స్కోపులనూ ఒకే రెట్లకు తెచ్చి, రెండింటినీ ట్రైపాడ్ మీద బిగించి ఆ వరుస చదవండి. తలకట్లు, కొమ్ములు విడివిడిగా కనిపిస్తే గాజు మంచిది. ఒక స్కోపులో అక్షరం ముద్దగా ఉండి రెండోదానిలో విడిగా కనిపిస్తే ఇక ధర, పేరు, బ్రోచరు ఏమీ చూడనక్కర్లేదు. ఒకే మోడల్‌లో రెండు స్కోపుల మధ్య కూడా తేడా బయటపడుతుంది. కొనేది వాడినదైతే ఈ పరీక్ష తప్పనిసరి.

---

ఒకే_గురి (టెక్సాస్)

నోటు పరీక్ష బాగుంది, మా ఇంటి వెనక చేసి చూస్తాను.

పాత_గాజు గారూ, మీ మాటల్లో నాకు నచ్చింది వంతులవారీగా వాడటం. దాచిపెట్టడం కంటే అది వెయ్యి రెట్లు మేలు. అయినా పోటీలో గెలవాలనుకునే కుర్రవాళ్లు ఈ చర్చ చదివి ముందు మూడు స్కోపులు కొనాలేమో అనుకోకూడదు. కొత్తగురి, నీకు చెబుతున్నాను. వాడిన 60 మిల్లీమీటర్ల స్కోపు ఒకటి, 20 నుంచి 25 రెట్ల స్థిరమైన ఐపీసుతో కొనుక్కో. మిగిలిన డబ్బు స్టాండు మీద పెట్టు. వణికే ట్రైపాడ్ మీద పెట్టిన ఖరీదైన స్కోపు కంటే బరువైన పాదం, లావుపాటి నిలువు కడ్డీ ఉన్న స్టాండు మీది మామూలు స్కోపే నయం. నిలబడి కాల్చేటప్పుడు కడ్డీకి పైభాగం జోడించి కంటి ఎత్తుకు తెచ్చుకోవాలి, పడుకున్నప్పుడు గడ్డి మీదికి దించాలి. రెండూ ఒకే స్టాండుతో జరగాలి. స్కోపు బిగించే మర చేత్తో విప్పేలా ఉండాలి, పనిముట్టు వెతుక్కునే సమయం లైను మీద ఉండదు.

---

గచ్చిబౌలి_50మీ (హైదరాబాద్)

స్టాండు గురించి ఒకే_గురి గారి మాటకు నా ఓటు. మా పిల్లల్లో ఒకమ్మాయి స్కోరు నిలకడగా పెరిగింది స్కోపు మార్చాక కాదు. స్టాండును అరచేయి వెడల్పు దగ్గరికి జరిపాక. అంతకుముందు ప్రతి షాట్ తర్వాత మెడ చాపి చూసేది, తిరిగి వచ్చేసరికి చెంప వేరేచోట ఆనేది. ఇప్పుడు కన్ను మాత్రమే పక్కకు వెళ్లి వస్తుంది.

---

గాలివాటం (ఒహాయో)

బాల్‌స్కోప్ తీసుకున్నాను. పెద్దాయన ఇంటికి వెళ్లి పాత_గాజు గారు చెప్పినవన్నీ ఆయన ముందే చూశాను. ఆయన పక్కన కూర్చుని టార్చి పట్టుకున్నారు. లోపల బూజు లేదు. ప్రిజం ముందు కొంచెం మసక ఉంది. ఫోకస్ నున్నగా తిరుగుతోంది, పొలం అవతల స్తంభం మీది మెరుపు రెండువైపులా గుండ్రంగానే విప్పారింది. రంగు గీరుకుపోయిన చోట ఆయన చేయి ఎన్నేళ్లు పట్టుకుందో కనిపిస్తుంది. డబ్బు తీసుకోలేదు. ప్రతి సీజన్‌లో ఒక్క పోటీకైనా దీన్ని లైను మీదికి తేవాలని మాత్రం అడిగారు, సరేనన్నాను.

నిన్న మధ్యాహ్నం దాన్ని, స్పేస్‌మాస్టర్‌ను, కోవాను వరుసగా పెట్టి 300 గజాల టార్గెట్ చూశాను. వెలుగులో కోవా ముందుంది, అంచుల దాకా బొమ్మ వంకర లేకుండా ఉంది. కానీ ఎండమావి ఎటు పారుతోంది, ఎంత వాలుగా పారుతోంది అన్నది మూడింటిలోనూ ఒకేలా చదవగలిగాను. లెక్కలమాస్టారు గారు గాలే హద్దు గీస్తుందన్నది కళ్లారా చూశాను.

కాబట్టి ఇలా నిర్ణయించుకున్నాను. కోవా 600 గజాలకు. బాల్‌స్కోప్ 100 గజాల పోటీలకు, 200 గజాల నిలబడి కాల్చే వరసకు, సీజన్‌లో ఒకసారి మొత్తం పోటీకి. ఏటీఎస్ కోచింగ్‌కు. చిన్న 50 క్లబ్బులో జూనియర్ల పెట్టెలోకి వెళ్తోంది, అది అక్కడే ఉంటుంది. స్పేస్‌మాస్టర్‌కు పని మిగల్లేదు. కొత్తగురి తమ్ముడూ, మిషిగన్ నుంచి మా రేంజ్ ఎంతో దూరం కాదు. నీకు ఒక సీజన్ పాటు ఇస్తాను, వాడి చూడు. నచ్చితే ఉంచుకోవడం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

---

కొత్తగురి (మిషిగన్)

అన్నా, ఏం రాయాలో తెలియడం లేదు. తప్పకుండా వస్తాను, జాగ్రత్తగా చూసుకుంటాను. ఒక సందేహం. మా క్లబ్బులో ఒకరు కోవా 880 వరుస ఐపీసు ఒకటి తక్కువకు ఇస్తామంటున్నారు. అది స్పేస్‌మాస్టర్‌కు పడుతుందా? లేకపోతే మీ 821కైనా?

---

పాత_గాజు (పెన్సిల్వేనియా)

రెండింటికీ పట్టదు, కొనవద్దు. 770, 880 వరుసల ఐపీసుల బిగింపు వేరు, పాత టీఎస్‌ఎన్ స్కోపులది వేరు. స్పేస్‌మాస్టర్‌కు దాని సొంత మర ఐపీసులే వేయాలి. 22 రెట్ల వైడ్ ఎలాగూ దానితోనే వస్తోంది, మొదటి సీజన్‌కు ఇంకోటి వెతకనక్కర్లేదు. మా ఇంట్లో దాని 25 రెట్ల ఐపీసు ఒకటి అదనంగా ఉంది. గాలివాటం గారి చిరునామాకు పంపిస్తాను, స్కోపుతోపాటు తీసుకెళ్లు. మర తిప్పేటప్పుడు మొదటి చుట్టు వెనక్కి తిప్పి, దారి పడ్డాక ముందుకు బిగించు. ఆ మరలు అల్యూమినియం, అడ్డంగా ఎక్కితే పాడవుతాయి.